రోజుకొక మిల్లీమీటరు

ఫిబ్రవరి 3

పిడుగూ,

ఈ అక్షరాలు చూసి ఏ ఒకటో తరగతి పిల్లో రాసిన ఉత్తరం పొరపాటున నీకు చేరిందనుకోకు. రాస్తున్నది మీ మామయ్యే, ఎడమచేత్తో. రోజుకి నాలుగు పంక్తుల చొప్పున ఈ ఉత్తరానికి వారం పట్టింది. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఊరందరి ఫోన్ల తీగలూ కలుపుతున్నవాణ్ణే గానీ, నాకు ఫోన్లో మాట్లాడటం చేతకాదని నీకు తెలుసు. నేను ఆఁ, ఊఁ అంటాను, నువ్వు ఏడుస్తావు, మధ్యలో మీ అత్తయ్య లాక్కుంటుంది. ఉత్తరమైతే ఎవరి మాట వాళ్లు చివరిదాకా చెప్పుకోవచ్చు.

జరిగింది చెబుతాను, కంగారుపడకు. జనవరి పదహారున మార్కెట్ మలుపులో కేబుల్ గొయ్యి తెరిచాం. నీళ్లు దిగి నాలుగు వందల తీగల జతలున్న కేబులు పాడైంది. నేను లోపల నిలబడి, పనిముట్ల సంచి అందుకోవడానికి కుడిచెయ్యి పైకి చాచాను. పక్కన ఆనించి పెట్టిన ఇనుప మూత జారింది. మూతకీ గోతి అంచుకీ మధ్య నా చెయ్యి, మోచేతికి నాలుగు వేళ్లు పైన. ఎముక విరగలేదు, చర్మం కూడా పెద్దగా తెగలేదు. అదృష్టవంతుడివన్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. మర్నాడు లేచి చూస్తే చిటికెన వేలు, ఉంగరం వేలు ముడుచుకుపోయి ఉన్నాయి, గిల్లినా తెలియడం లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పెట్టి మీ అత్తయ్య లాగితే ఊడి వచ్చేస్తోంది. రాగి తీగ పట్టి మెలిపెట్టేది ఆ రెండు వేళ్లతోనే కదా.

డాక్టరు చెప్పింది ఇది. నరం నలిగిందో, లోపల్లోపలే తెగిందో ఇప్పుడే చెప్పలేడట. నలిగితే దానంతట అదే వస్తుంది. వారానికోసారి గాయం దగ్గర్నుంచి కిందికి వేలితో తడుతూ రావాలి. ఎక్కడ తడితే చిటికెన వేల్లోకి జివ్వుమని పాకుతుందో అక్కడికి కొలిచి రాసిపెట్టాలి. ఆ చోటు కిందికి జరుగుతూ ఉంటే మంచిది. జరక్కపోతే మూడు నెలలకల్లా కోసి అతకాలి, ఆలస్యమైతే చేసేదేమీ ఉండదు అన్నాడు.

కోయడం అన్న మాట నాకు నచ్చలేదు. ఫోను మోగుతున్నంతకాలం ఆ తీగల అతుకుని, అదే జాయింటుని, విప్పకూడదని నేను పనిలో చేరిన మొదటి రోజే మా పెద్ద మేస్త్రీ చెప్పాడు. నువ్వు మా ఇంట్లోనే పెరిగి, చదివి, ఇప్పుడు నరాల మీదే పనిచేస్తున్నావు. అందుకే అడుగుతున్నాను. నరం తనంతట తను బాగుపడుతుందా? ఎన్నాళ్లకి? ఆఫీసులో ఏడాదిపాటు తేలిక పని ఇచ్చారు. ఏడాదికి చెయ్యి రాకపోతే తీగలు కలిపే జాయింటర్ల జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. నాకు ఇంకో పని రాదు.

మీ అత్తయ్య నా చొక్కా గుండీలు పెడుతోంది రోజూ. పెళ్లైన కొత్తలో కూడా ఇంత దగ్గరగా నిలబడలేదు.

నీ మామయ్య

ఫిబ్రవరి 19

మామయ్యా,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత గుండీల సంగతి చదివి నవ్వాను, మళ్లీ ఏడ్చాను. ఫోన్ చేయకపోవడం మంచిదైంది.

నీ భాషలోనే చెబుతాను. నరం అంటే కేబులే అనుకో. లోపల ఒక్కో తీగా ఒక్కో కణం. కణం అసలు ఒళ్లు నీ మెడ దగ్గర, వెన్నులో ఉంటుంది, కంటికి ఆననంత చిన్నది. దాని తోక మాత్రం నీ చిటికెన వేలి దాకా సాగుతుంది. ఆ చివర కావలసినవి దాదాపు అన్నీ మెడ దగ్గరే తయారై అక్కడిదాకా రావాలి. అందుకని తోక లోపల పొడవునా సన్నని గొట్టాలు పరిచి ఉంటాయి, అన్నీ ఒకే దిక్కుకి. వాటి మీద కూలీలు మూటలు మోసుకుంటూ నడుస్తారు. కూలీలంటే మాంసకృత్తులు. నిజంగానే అడుగులో అడుగు వేస్తారు మామయ్యా! ఆ గొట్టాలు ఒకసారి వేస్తే అయిపోయేవి కూడా కావు. మొన దగ్గర పెరుగుతూనే ఉంటాయి, కూలుతూనే ఉంటాయి. నువ్వు ఊరికే కూర్చున్నా నీ నరం మాత్రం రోజంతా మరమ్మతులోనే ఉంటుంది.

తోక తెగితే అవతలి ముక్క కొద్దిరోజుల్లో తనంతట తనే పొడి అయిపోతుంది. రెండు కొసలూ తెచ్చి మెలిపెట్టి కలిపే పద్ధతి ఇక్కడ లేదు. ఇవతల మిగిలిన మొండి కొస మూతి మూసుకుని, లోపల గొట్టాలు మళ్లీ కట్టుకుని, కొత్త మొన వేసుకుని కిందికి పెరగాలి. పాత తొడుగు చెక్కుచెదరకుండా ఉంటే దాని లోపల్నుంచే దారి చూసుకుని పోతుంది. మొదటి రెండు వారాలు సర్దుకోవడానికి వదిలేయ్. ఆ తర్వాత సుమారుగా రోజుకొక మిల్లీమీటరు. డాక్టరు తట్టమన్నది ఆ మొన ఎక్కడుందో తెలుసుకోవడానికే.

నీది నలిగిన నరమే అయి ఉంటుంది. ఎముక కూడా విరగలేదంటున్నావు కదా. నా మాట నమ్ము, చెయ్యి వస్తుంది. గాయం నుంచి అరచేతి దాకా కొలిచి చూడు, ఎన్ని మిల్లీమీటర్లో అన్ని రోజులు.

మా ల్యాబ్‌లో చేసేది కూడా ఇదే. గాజు పళ్లేల్లో నరాల కణాలు పెంచి, సన్నని వెలుగు కిరణంతో తోకలు కోసి, మళ్లీ పెరుగుతాయేమోనని కూర్చుని చూస్తాం. గొట్టాల మొనలకి మెరిసే రంగు వేస్తాం కాబట్టి చీకటి గదిలో మిణుగురుల్లా కదులుతాయి. ఇన్నాళ్లూ ఈ పని ఎవరికి పనికొస్తుందా అనుకునేదాన్ని. నీ అంకెలు రాస్తూ ఉండు.

అత్తయ్యని నా తరఫున ఒక గుండీ వదిలేయమను.

నీ పిడుగు

ఏప్రిల్ 2

పిడుగుకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే టేపు పెట్టి కొలిచాను. గాయం నుంచి అరచేతి మధ్యకి మూడు వందల ఎనభై. ఫిబ్రవరి ఒకటి నుంచి లెక్కేస్తే వచ్చే ఏడాది ఫిబ్రవరి పదహారు. జాబితాలోంచి పేరు కొట్టేసే తేదీకి నెల దాటుతుంది. అయినా చెయ్యి వస్తోందని తెలిస్తే మా ఇంజనీరు నెల రోజులు ఆగడా!

రెండు రూళ్ల నోటుబుక్కు కొని తేదీలు వేశాను. ఫిబ్రవరి ఎనిమిదిన ఏడు, పదిహేనున పధ్నాలుగు, ఇరవై రెండున ఇరవై ఒకటి, అలా వస్తూ నిన్నటికి యాభై తొమ్మిది. మోచెయ్యి ఎంతో దూరం లేదు. మీ అత్తయ్య ఆ పుస్తకం చూసి, ఇంటి సామాను చీటీ కూడా నువ్వింత శుభ్రంగా రాసి ఉంటే మన కాపురం ఇంకోలా ఉండేదంది.

తేలిక పనంటే ఏమిటనుకున్నావు? పై అంతస్తులో ఫిర్యాదుల గది. బల్ల నాలుగో కాలి కింద మడిచిన అట్టముక్క. ఫోను మోగుతుంది, నేనెత్తాలి. నా మీద ఎవరు పగబట్టి ఈ పని ఇచ్చారో! "మా ఫోన్ పనిచేయట్లేదండీ" అంటారు. ఏ వీధి అని అడగ్గానే ఆ వీధి కింద ఏ గొయ్యి, ఏ కేబులు, ఎన్నో జత అన్నీ నా కళ్ల ముందుకి వస్తాయి. రాసుకుని, ఇంకొకళ్లని పంపిస్తాను.

ఈ నెల ఇరవైన డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కోస్తానంటే ఏం చేయమంటావు?

నీ మామయ్య

ఏప్రిల్ 11

మామయ్యా, మామయ్యా,

యాభై తొమ్మిది! అది చదివి ల్యాబ్‌లో గట్టిగా అరిచాను. ల్యాబ్ నడిపే మా మేడమ్ గదిలోంచి బయటికి వచ్చింది. నీ అంకెలు చూపిస్తే కళ్లజోడు పైకి తోసుకుని, "ఏ జీవకణమూ ఇంత బుద్ధిగా ఉండదమ్మా" అంది. మా మామయ్య సంగతి మీకు తెలియదు, ఆయన నరం కూడా డ్యూటీకి వేళకి వస్తుందన్నాను. అందరూ నవ్వారు.

నిజం చెప్పనా? నా పళ్లేల్లో కణాలు మొండికేశాయి. కోశాక మూతి మూసుకుంటున్నాయి, గొట్టాలు కట్టుకోవడం మొదలుపెడుతున్నాయి, రెండు రోజులకి ఆగిపోతున్నాయి. కొన్నింటిలో గొట్టాలు తిరగబడి వెనక్కి, కణం ఒంటి వైపు మొన పెట్టుకుంటున్నాయి. దిక్కు తప్పాక మూటలు ఎటు పోవాలో తెలియదు. నా ఉద్యోగం రెండేళ్లకే, డిసెంబరులో అయిపోతుంది. చూపించడానికి ఒక్క మంచి ఫలితం లేదు. ఈ ల్యాబ్ మొత్తానికి పెరుగుతున్నది నీ చెయ్యి ఒక్కటే. నెలాఖరు సమావేశంలో నా ప్రసంగం చివర నీ అంకెల పట్టిక చూపిస్తాను, పేరు చెప్పనులే.

డాక్టరుకి నోటుబుక్కు చూపించు. జివ్వుమనే చోటు కిందికి జరుగుతోంది కాబట్టి కోయక్కర్లేదు. కోస్తే పెరుగుతున్నది కూడా దెబ్బతింటుంది. ధైర్యంగా చెప్పు, మా మేనకోడలు ఇదే పనిలో ఉందని చెప్పు.

నీ పిడుగు

మే 6

పిడుగూ,

డాక్టరు గది బయట మూడు గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. లోపల మూడు నిమిషాలు. నోటుబుక్కు తిరగేసి, "ఇంత పద్ధతైన పేషెంటుని నా సర్వీసులో చూడలేదయ్యా" అని నర్సుని కూడా పిలిచి చూపించాడు. నువ్వు చెప్పమన్నది చెప్పాను. మంచిది, కోత అక్కర్లేదు, ఆరు నెలలాగి రా అన్నాడు. బయటికి వచ్చి మీ అత్తయ్యా నేనూ చెరో కప్పు టీ తాగి బస్సెక్కాం.

ఇప్పుడు తొంభై నాలుగు. మోచెయ్యి దాటేసింది.

ఒక్కటే చికాకు. గాయం ఉన్నచోట ఏదైనా తగిలితే చిటికెన వేలి దాకా చురుక్కుమని అంటుకుంటుంది. బస్సులో ఎవరి సంచో రాసుకుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మీ అత్తయ్య ఆ చోట దూది చుట్టి కడుతోంది. దీనికి ఏదైనా మందు ఉంటే రాయి.

నీ ప్రసంగం ఎలా జరిగింది? నా చెయ్యి నీకు మార్కులు తెచ్చిందా?

నీ మామయ్య

జూలై 14

మామయ్యా,

రెండు నెలలు జవాబు రాయనందుకు చెవులు మెలిపెట్టు, ఎడమచేత్తో అయినా సరే. ప్రసంగం బాగా జరిగింది. నీ పట్టిక దగ్గర చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత నుంచి పని మీద పని. గదిలో పడుకోవడం, లేచి పళ్లేలు చూడటం, అంతే.

గాయం దగ్గర చురుకు గురించి దిగులుపడకు. మచ్చ పడిన చర్మం చాలాకాలం అలా ఉంటుంది. కొబ్బరినూనె రాసి చూడు.

నా కణాలు ఎందుకు ఆగిపోతున్నాయో తెలిసింది. తెలిసి సంతోషించాల్సింది లేదులే. కోసినచోట పాత తొడుగు లేకపోతే కొత్త మొనకి దారి దొరకదు. ముందుకి పోలేదు, అలాగని ఊరుకోదు. పెరిగి పెరిగి తనచుట్టూ తనే చుట్టుకుని దారపుండలా ముడి పడిపోతుంది. కణం ఒంటి నుంచి మూటలు వస్తూనే ఉంటాయి, గొట్టాలు కడుతూనే ఉంటాయి, అంతా ఆ ముడిలోకే పోతుంది. ఆ ముడిని సూదితో తాకితే చాలు, కణం మొత్తం ఒక్కసారి వెలిగి ఆరిపోతుంది. నిన్న ఒకదాన్ని చాలాసేపు చూశాను. అది పనిచేయడం లేదని అనలేం మామయ్యా, ఎంత పనిచేస్తోందో! ఎక్కడికీ చేరడం లేదు, అంతే.

నీ తాజా అంకె రాయి. నాకు ఇప్పుడు అలాంటిది ఒకటి కావాలి.

నీ పిడుగు

జూలై 30

పిడుగూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ముడి గురించి రాసింది మీ అత్తయ్య చేత కూడా పైకి చదివించాను.

దూది తీసి గాయం దగ్గర నొక్కి చూశాను. చర్మం కింద బఠాణీ గింజంత గట్టిగా ఒకటి తగులుతోంది. దాన్ని ముట్టుకుంటే చిటికెన వేలు చివరిదాకా జివ్వుమంటోంది. దాని కింద, మోచెయ్యి దగ్గర గానీ, ముంజేతి మీద గానీ, ఎక్కడ తట్టినా ఏమీ లేదు. మీ అత్తయ్యని కూడా తట్టమన్నాను, నేను కళ్లు మూసుకున్నాను. అయిందా అని నేను అడిగేసరికి ఆవిడ మణికట్టు దాకా తట్టుకుంటూ వెళ్లిపోయి ఉంది.

ఇప్పుడు ఒక మాట చెప్పాలి. ఆ నోటుబుక్కులో అంకెలు తట్టి రాసినవి కావు. మా ఆఫీసులో పనుల రిజిస్టరు నెల మొదటి తేదీనే నింపేస్తాం. ఏ వారానికి ఎన్ని జాయింట్లు అవుతాయో ముందే రాసేసి, పనిని దానికి సరిచేసుకుంటాం. ఇరవై ఎనిమిదేళ్లలో నా రిజిస్టరు ఎప్పుడూ తప్పలేదు. నువ్వు రోజుకొక మిల్లీమీటరు అన్నావు కదా, అదే లెక్కన పుస్తకం మొత్తం ఒక్క పూటలో వచ్చే ఫిబ్రవరి దాకా నింపేశాను. తడితే తెలియకపోతే నా వేళ్లు మొద్దువి అనుకున్నాను. గాయం దగ్గర జివ్వుమనేది నొప్పి అనుకున్నాను, డాక్టరు అడిగింది వేరే ఏదో అనుకున్నాను.

పుస్తకం ప్రకారం ఇవాళ్టికి నూట డెబ్భై తొమ్మిది. చెయ్యి ప్రకారం సున్నా. ఏది నిజమో నాకు తెలుసులే, అయినా నువ్వు చెబితే వింటాను.

నీ మామయ్య

ఆగస్టు 8

మామయ్యా,

ఇది చేరిన రోజే బయల్దేరు. మర్నాటికి పెట్టుకోకు. ఆ డాక్టరు కాదు, పెద్దాసుపత్రిలో నరాల సర్జన్ ఉంటాడు. సూదులు గుచ్చి కండరానికి సంకేతం అందుతోందో లేదో చూసే పరీక్ష ఒకటి ఉంటుంది, అది చేయించు. నోటుబుక్కు తీసుకెళ్లకు. మొదటి రోజు నుంచి జివ్వుమనేది ఒక్కచోటే అని చెప్పు. ఏడు నెలలని చెప్పు.

తట్టమన్నారు కదా మామయ్యా. తట్టడమే కదా.

పిడుగు

అక్టోబరు 5

పిడుగుకి,

ఆలస్యమైంది, కోపం చేసుకోకు. నువ్వు చెప్పిన రోజే బయల్దేరాను. పరీక్షకి తేదీ దొరకడానికి నెల పట్టింది, సర్జన్ దొరకడానికి ఇంకో మూడు వారాలు.

సూదుల పరీక్ష చేసిన అమ్మాయి చాలా నెమ్మదైన మనిషి. ఒక్కో కండరంలో సూది గుచ్చి, "బిగించండి, ఇంకా బిగించండి" అంది. నేను పళ్లు బిగించాను. తెర మీద గీత అలాగే పడుకుని ఉంది. తెగిపోయిన తీగల జతని మీటరు పెట్టి చూస్తే ఎలా ఉంటుందో నాకు తెలియంది కాదు. ఆవిడ ఏమీ చెప్పకముందే చొక్కా వేసుకున్నాను, గుండీలు మాత్రం బయట మీ అత్తయ్య పెట్టింది.

సర్జన్ వయసులో చిన్నవాడే. కూర్చోబెట్టి అరగంట మాట్లాడాడు. నరం బయటి తొడుగుతో సహా లోపల తెగిందట. మొండి కొస దారి దొరక్క అక్కడే ముడి పడిందట, సరిగ్గా నువ్వు రాసినట్టే. మూడు నెలలప్పుడు వచ్చి ఉంటే కాలి నుంచి నరం ముక్క తీసి అతికేవాణ్ణన్నాడు. అప్పుడైనా పూర్తిగా వచ్చేదని మాట ఇవ్వలేనన్నాడు. ఇప్పుడు అతికినా అరచేతికి చేరడానికి ఏడాది పైన పడుతుంది. అప్పటికి అక్కడ కండరం కండరంగా ఉండదు, కొవ్వూ నారా అయిపోతుంది. "నరం తలుపు దాకా వచ్చినా లోపల ఎవరూ ఉండరు" అన్నాడు. ముడి తీసేసి మంట తగ్గిస్తానన్నాడు. తర్వాత పనిచేస్తున్న వేరే కండరం తాడు ఒకటి మళ్లించి కడితే చెంచా, పెన్ను పట్టుకోవచ్చట.

"మరి తీగ?" అన్నాను.

"ఎలాంటి తీగండీ?" అన్నాడు.

జేబులోంచి తీసి చూపించాను. మా కేబుల్లో తీగ అర మిల్లీమీటరు లావుంటుంది. ఆయన దాన్ని కిటికీ వైపు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నా ఎడమచేతిలో పెట్టేశాడు.

మీ అత్తయ్య ఇంటికొచ్చి బియ్యం ఏరుతూ కూర్చుంది. ఆ బియ్యం పొద్దున్నే ఏరినవే.

నీ మామయ్య

అక్టోబరు 20

మామయ్యా,

నువ్వు రాయలేదు గానీ నీ మనసులో ఉందని నాకు తెలుసు, అందుకని నేనే రాస్తున్నాను. తప్పు నాది.

నీ మే నెల ఉత్తరం తీసి చూశాను. గాయం దగ్గర ఏదైనా తగిలితే చిటికెన వేలి దాకా చురుక్కుమంటోందని నువ్వు స్పష్టంగా రాశావు. కిందికి జరగకుండా ఒక్కచోటే అలా ఉంటే మొన అక్కడే ఆగిపోయిందని అర్థం. ఇది మొదటి ఏడాది చదువుకునేవాళ్లకి కూడా తెలుస్తుంది. మచ్చ చర్మం అని రాశాను, కొబ్బరినూనె రాయమన్నాను! ఆ ఉత్తరానికి రెండు నెలల తర్వాత జవాబిచ్చాను. అప్పటికి ఇంకా సమయం ఉంది మామయ్యా. మే నెలలో ఉంది.

ఇంకొకటి. నలిగిన నరమే అయి ఉంటుందని ఫిబ్రవరిలో రాశాను చూడు, అది నాకెలా తెలుసు? నీ చెయ్యి నేను చూడనే లేదు. నువ్వు బాగుపడాలని ఉంది కాబట్టి రాసేశాను. మా మేడమ్ అంకెలు చూడగానే పట్టేసింది, నేను జోకేసి తప్పించాను. అబద్ధపు పట్టికకి చప్పట్లు కొట్టించుకున్నాను. నిన్న మేడమ్ గదికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆవిడ "ఆయన చెయ్యి ఎలా ఉంది?" అని మాత్రం అడిగింది.

ఉద్యోగం డిసెంబరుతో అయిపోతుంది, పొడిగించమని అడగను. పళ్లేల్లో మిగిలిన కణాలని చూస్తూ కూర్చుంటున్నాను. అమ్మ పోయినప్పుడు ఎవరూ పిలవకుండానే వచ్చి నన్ను భుజాన వేసుకుని తీసుకెళ్లావు. అదే చేత్తో కదా. నీకు నేను చేసింది ఇది.

నన్ను తిట్టు. నీ ఉత్తరాల్లో ఒక్క తిట్టూ ఉండటం లేదు, భయమేస్తోంది. ఒక్కసారి వచ్చి చూడనా?

పిడుగు

డిసెంబరు 9

పిడుగూ,

ముడి తీసేశారు. మంట తగ్గింది. అందుకే చెప్పాలనుకున్నది ఇప్పుడు నిదానంగా చెప్పగలుగుతున్నాను. జూలైలో నీకు రాసింది సగమే.

రిజిస్టరు అలవాటు కొద్దీ పుస్తకం ముందే నింపేసిన మాట నిజం. వేళ్లు మొద్దువి అనుకున్న మాట కూడా మార్చి దాకా నిజం. ఏప్రిల్ ఇరవైన మాత్రం నాకు తెలుసు. ఆ పొద్దున గదిలో తలుపేసుకుని మోచెయ్యి నుంచి మణికట్టు దాకా రెండుసార్లు తట్టుకున్నాను. ఏమీ లేదు. అయినా పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లాను. డాక్టరు పుస్తకం చూశాక, ఒకసారి తట్టి చూద్దామని చెయ్యి చాచాడు. "ఇప్పుడే చూసుకుని వచ్చానండీ, డెబ్భై ఎనిమిది" అన్నాను. బయట ఇంకా నలభై మంది ఉన్నారు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నీకోసం అలా చేశానని చెబితే నీకు బాగుంటుందేమో. నీ ఉత్తరాల్లో సంతోషం చూసి చెప్పలేకపోయానని రాద్దామని కూడా అనుకున్నాను. అది కొంత ఉంది, అసలు కారణం అది కాదు. కోసి అతికాక కూడా రాకపోతే ఇక ఏం మిగులుతుంది? కోయకుండా పుస్తకం నడుస్తున్నంతకాలం వచ్చే ఫిబ్రవరి దాకా నేను జాయింటర్నే. ఫిర్యాదుల గదిలో కూర్చున్నా, కొన్నాళ్లే కదా అనుకునేవాణ్ణి. ఆ కొన్నాళ్ల కోసం మిగతాదంతా పోగొట్టుకున్నాను. నీ తప్పు లేదా అంటే, ఉంది. కొబ్బరినూనె నీదే. కానీ ఏప్రిల్ ఇరవై నాది. మీ అత్తయ్యకి చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, గుండీలు మాత్రం పెట్టింది.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. నీ మీద కోపం ఉంది, లేదని అనను. నా మీద ఇంకా ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు. వస్తానన్నావు. రా. వచ్చి మా ఇంట్లోనే ఉండు. ఈ చెయ్యి సంగతి మాత్రం నన్నేమీ అడగకు.

పోయిన గురువారం సంగతి చెప్పి ఆపేస్తాను. స్కూలు పక్క వీధిలో కేబులు పోయింది. ఏదో రంగులు వెలిసిపోయిన పాత కేబులు, జతలు ఎవరికీ అంతుపట్టడం లేదు. నేను కలిపిందే అని పిలిపించారు. ఇంజనీరు కూడా ఉన్నాడు. పేరు ఇంకా జాబితాలోనే ఉంది కాబట్టి వెళ్లాను. ఎడమచేత్తో నిచ్చెన పట్టుకుని గోతిలోకి దిగాను. లోపల ఆరు వందల జతలు విప్పి పరిచారు. చూడగానే గుర్తుపట్టాను, వరసగా చెప్పుకుంటూ పోయాను. వాళ్లు రాసుకుంటున్నారు. చాలా బాగుంది పిడుగూ, ఆ పావుగంట చాలా బాగుంది. ఒక్క జత దగ్గర అనుమానం వచ్చింది. పట్టుకుని కొంచెం లాగి చూస్తే తెలుస్తుంది. ఏ చెయ్యి అని ఆలోచించకుండా కుడిచెయ్యి పెట్టేశాను.

తీగ వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. మళ్లీ పట్టాను, మళ్లీ జారింది. మూడోసారి పక్కనున్న జతలు కూడా కలిసిపోయి చిక్కుపడ్డాయి. నా దగ్గర పని నేర్చుకున్నవాడే, ఇప్పుడు అక్కడ మేస్త్రీ, నా మణికట్టు మెల్లిగా పట్టుకుని పక్కకి తీశాడు. "మీరు పైకి వెళ్లండి మాస్టారూ, మేం చూసుకుంటాం" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

పైకి వచ్చేశాను. ఇంజనీరు దగ్గరికి వెళ్లి, నా పేరు కొట్టేయండి, జనవరి దాకా ఆగక్కర్లేదని చెప్పాను.

నీ మామయ్య